పరభాషకు ఇంట చోటు

అమలాపురము

మేనకోడలా,

నీ జాబు చేరినది. పిల్లవానిని రాజోలులో కాన్వెంటునందు చేర్చితివనియు, ఇకమీదట ఇంటిలో ఇంగ్లీషే మాటలాడవలెనని అల్లుడుగారు మస్కటునుండి పట్టుపట్టుచున్నారనియు, వాడు నానాటికి నోరు విప్పుటకే జంకుచున్నాడనియు వ్రాసితివి. పరదేశమున కష్టించి సంపాదించు తండ్రి, తాను మాటరాక పడిన యిక్కట్లు బిడ్డకు రాకూడదని కోరుట న్యాయమే. పట్టిన మార్గము మాత్రము నాకు సమ్మతము కాదు.

శుక్రవారము అక్కడ సెలవు గనుక ఆయన ఫోనులో తీరికగా కనబడును. కనబడినంతనే "ఇంగ్లీషులో చెప్పు" అని యడుగగా, పిల్లవాడు ఫోను నీ చేతిలో పెట్టి పెరటిలోనికి పరుగెత్తునంటివి. తండ్రితో వానికి గల చనువంతయు ఆ నాలుగు మాటలలోనే యుండగా, దానిని పరీక్షగా మార్చుట తగునా? ఆవు ఈనినదనియు, కొబ్బరి దింపు తీసిననాడు తానును కాయలు మోసితిననియు, వానిని ముందు తెలుగున తనివితీర చెప్పుకొననిమ్ము. మస్కటు కాలము మనకంటె గంటన్నర వెనుక గావున, ఇక్కడ వాడు నిద్రకు చేరువేళకు అక్కడ ఇంకను ప్రొద్దుపోదు. పనినుండి బసకు చేరిన దినములలో ఆయన ఒక బొమ్మలకథను ఇంగ్లీషున చదువవలెను, అదే పుస్తకము ఇక్కడ ఒడిలో నుంచుకొని వాడు పుటలు త్రిప్పవలెను. ఒకే కథను నెలదినములు చదివినను పిల్లలు విసుగరు. వినగా వినగా, తండ్రి ఆగినచోట తరువాతి మాట వాడే యందించును. అందాక వానిని ఏమియు అడుగరాదు.

ఇక నీ సంగతి. కోపించుటకును లాలించుటకును మాటలు చాలని భాషలో తల్లి దినమంతయు మసలినచో బిడ్డకు దక్కునది ఆమె మాటలో సగమే. కావున ఒకటి రెండు పనులను మాత్రము ఇంగ్లీషునకు విడువుము: స్నానము చేయించుట, పెరటిలో కాయలు లెక్కించుట. పెద్దకాయ ఇటు, చిన్నది అటు వేయుమని చెప్పుచు, చేతితో చూపుచు, వానితోపాటు లెక్కపెట్టుము. పని ముగియగానే తెలుగునకు మరలుము. మన మాటలు సాధారణముగా అచ్చుతో ముగియును గనుక వాడు ప్రతి ఇంగ్లీషు మాట తుదిని ఉకారము చేర్చును. గద్దింపక, నీ బదులులో ఆ మాటనే సరిగా పలికి సాగిపొమ్ము.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరభాష నేర్వబూనిన కాలమున, రెండు భాషలును వచ్చిన యొక సవరను ఇంట నుంచుకొని, ఆతని నోట వినియే నేర్చిరి. వారు రచించిన సవర వ్యాకరణము 1931లో గాని వెలువడలేదు. అంతటి పండితునికే చెవి ముందు, గ్రంథము పిదప అయినపుడు, ఐదేండ్ల పసివానికి పదముల పట్టికలు వల్లెవేయించుట ఏమి న్యాయము? ఆ మహనీయుడే సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు స్వంతధనముతో బడులు పెట్టించెను. నేను వ్రాయు ఈ గ్రాంథికమును ఆయన జీవితాంతము ఖండించిరి. ఆ వాదమున నేను వారి పక్షము కాకున్నను, ఈ విషయమున వారి మాటయే నాకు ప్రమాణము.

ఇంట తెలుగు నిలిపినచో ఇంగ్లీషు రాదను భయము వలదు. గౌతమి కావల యానాములో 1954 వఱకు ఫ్రెంచివారి పాలన సాగినది. అక్కడ ఫ్రెంచి చదివినవారి యిండ్లలోను తెలుగే నిలిచినది; అది వారి చదువునకు అడ్డు కాలేదు.

తాతల కథలు చెప్పుట మానవలదని మీ అత్తగారితో నా మాటగా చెప్పుము. ఆ బొమ్మల పుస్తకము రెండు ప్రతులు కొని, ఒకటి మస్కటు పోవు మనవారెవరిచేతనైన పంపుము. వెల నేనిచ్చెదను. అల్లుడుగారికి వేఱుగా జాబు వ్రాయుచున్నాను.

ఇట్లు,
నీ మామయ్య