కానుకల లెక్క చూడడం అనుమానమా?

మార్చి 31తో లెక్కల సంవత్సరం ముగుస్తుంది. ఆ తరువాత ఏదో ఒక ఆదివారం, దివ్యబలిపూజ అయ్యాక, ఒకరు లేచి "ఫాదర్ గారూ, ఈ ఏటి జమాఖర్చులు ఎప్పుడు వినిపిస్తారండీ?" అని అడుగుతారు. పక్కనున్నవారు వెంటనే చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. "గురువుల మీదే అనుమానమా?" అని మందలిస్తారు. అడిగినవారు తప్పు చేసినట్టు తలవంచుకుంటారు. ఈ సంగతిని మనం ఈ వారం కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

ముందుగా పరిశుద్ధ గ్రంథం తెరుద్దాం. రాజుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో యోవాసు రాజు కథ ఉంది. దేవాలయం మరమ్మతు కోసం ప్రజలు సొమ్ము ఇస్తున్నారు. కాని రాజు పాలన 23వ ఏటికి వచ్చినా మరమ్మతు జరగలేదు. అప్పుడు ప్రధానయాజకుడు ఒక పెట్టె మూతకు రంధ్రం చేసి బలిపీఠం ప్రక్కన పెట్టించాడు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖకుడు, ప్రధానయాజకుడు ఇద్దరూ కలిసి సొమ్ము లెక్కించేవారు. పని చేయించేవారు నమ్మకస్తులు కాబట్టి వారిని లెక్క అడగలేదని కూడా అక్కడే వ్రాసి ఉంది. అయితే గమనించండి: ఆ సొమ్ము వారి చేతికి చేరకముందే ఇద్దరు దానిని లెక్కపెట్టారు.

పునీత పౌలుగారు కూడా అంతే. యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన విరాళాన్ని తానొక్కరే చేతపట్టలేదు. తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న మనిషిని కూడా పంపారు. దేవుని ఎదుటనే గాక మనుష్యుల ఎదుట కూడా నింద రాకూడదన్నది ఆయన ఉద్దేశం (2 కొరింతీ 8). అపోస్తలునికే ఆ జాగ్రత్త అవసరమైతే, మనకు అవమానం ఏముంది?

శ్రీసభ చట్టం ఏమి చెబుతోంది? రెండవ జాన్ పాల్ పోపుగారు 1983లో ప్రకటించిన ధర్మశాస్త్ర స్మృతి ప్రకారం ప్రతి విచారణలోనూ ఆర్థిక మండలి ఉండాలి (537). ఆస్తులు చూసేవారు జమాఖర్చు పుస్తకాలు సక్రమంగా వ్రాసి, ఏటేటా లెక్క తయారుచేయాలి (1284). ఆ లెక్క మేత్రాణుల వారికి సమర్పించాలి. విశ్వాసులు ఇచ్చిన కానుకల గురించి, స్థానిక నియమాలను అనుసరించి, విశ్వాసులకు కూడా లెక్క చెప్పాలి (1287). ఏ పనికోసం ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలి (1267).

ఈ చివరి మాట ముఖ్యమైనది. ఒక వితంతువు మిరప కోతల కూలిలో మిగిల్చి గంట గోపురానికి 500 రూపాయలు ఇచ్చిందనుకోండి. ఆ సొమ్ము ప్రహరీ గోడకు ఖర్చయింది. ఎవరూ దొంగిలించలేదు, గోడ కళ్ళెదుటే ఉంది. అయినా ఆమె ఇచ్చిన మాట నెరవేరలేదు. వేరే మనిషి పుస్తకాలు చూస్తేనే ఇలాంటివి బయటపడతాయి.

ఆ వేరే మనిషి ఎవరు? ఆర్థిక మండలి సభ్యులు ఖర్చుల నిర్ణయంలో పాల్గొన్నవారే గనుక వారు కాకూడదు. చెక్కు మీద సంతకం చేసేవారు, పుస్తకం వ్రాసేవారు, వారి దగ్గర బంధువులు కూడా కాకూడదు. పొరుగు విచారణలోని రిటైరైన బ్యాంకు ఉద్యోగినో, లెక్కల మాస్టారినో మేత్రాసనం అనుమతితో పిలుచుకోవచ్చు. మేత్రాసన సొసైటీ లెక్కలను చార్టర్డ్ అకౌంటెంటు ఆడిట్ చేసినా, విచారణలో ఈ తనిఖీ వద్దని కాదు.

ఆయన చేయవలసిన పని కష్టమైనదేమీ కాదు. ఒక ఉదాహరణ చూడండి. ఏడాది మొదట నిల్వ 42,300 రూపాయలు. వచ్చినది 3,86,500. ఖర్చు 3,61,200. అంటే మిగలవలసినది 67,600. పాసుబుక్కులో 66,850, చేతిలో రొక్కం 2,750, వెరసి 69,600 ఉన్నాయి. ఈ 2,000 తేడా ఏమిటి? మార్చి 30న కరెంటు పనివానికి ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకులో మారలేదు. అంతే, లెక్క కుదిరింది. కారణం దొరకకపోతే దానిని అలాగే వ్రాయాలి, సర్దివేయకూడదు.

తరువాత ఖర్చులలో కొన్నింటిని తానే ఎంచుకుని బిల్లులతో సరిచూడాలి. రశీదు నంబర్లు వరుసగా ఉన్నాయా, రద్దయిన రశీదులు పుస్తకంలోనే ఉన్నాయా చూడాలి. పండుగ చందా, పేదల నిధి, పూజ కానుకలు వేరువేరుగా వ్రాశారా చూడాలి. ఫోను ద్వారా పంపే కానుకలు విచారణ ఖాతాకే చేరుతున్నాయా, ఎవరి సొంత ఖాతాకైనా పోతున్నాయా అని అడగాలి. కానుకల పెట్టె తెరిచినప్పుడు బంధుత్వం లేని ఇద్దరు లెక్కించి సంతకం చేసిన కాగితాలు ఉన్నాయో లేవో చూడాలి.

ఇందువల్ల మొదటి మేలు గురువులకే. బదిలీ అయి వెళ్ళాక "ఆ ఫాదర్ గారి కాలంలో డబ్బు ఏమైందో" అని రచ్చబండ దగ్గర మాట పుడితే, జవాబు చెప్పడానికి ఆయన అక్కడ ఉండరు. సంతకం చేసిన నివేదిక ఉంటుంది. పోపు ఫ్రాన్సిస్ గారు 2014లో వాటికన్‌కే ఒక ప్రధాన ఆడిటరు పదవిని ఏర్పాటు చేశారు. రోములో అవమానం కానిది మన ఊరిలో ఎందుకవుతుంది?

ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి:

1. గత ఏడాది మన విచారణ లెక్కలు గుడిలో చదివారా? మనం విన్నామా?
2. ఫలానా పనికని మనం ఇచ్చిన కానుక ఆ పనికే చేరిందో లేదో మనకు తెలుసా?
3. లెక్క చూడడానికి తగినవారు మన ఎరుకలో ఎవరున్నారు?

వచ్చే ఆదివారం పూజ అయ్యాక ఎవరైనా లేచి లెక్క అడిగితే చెయ్యి పట్టి కూర్చోబెట్టకండి. గౌరవంగా అడగనివ్వండి. ఫాదర్ గారు కూడా గౌరవంగా జవాబు చెబుతారు.