గ్రాట్యుటీ కోసం ఆగాలా?

ప్రశ్న: ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేరి నాలుగేళ్ల ఎనిమిది నెలలైంది. బేసిక్ జీతం రూ. 26,000. క్లినికల్ డేటా రంగంలో మంచి అవకాశం వచ్చింది, వెంటనే చేరమంటున్నారు. ఇక్కడ నోటీసు గడువు రెండు నెలలు. గ్రాట్యుటీ పోతుందా? పీఎఫ్ తీసేసుకోవచ్చా?

జవాబు: ముందు కొత్త సంస్థ నుంచి ఆఫర్ లెటర్ చేతికి రానివ్వండి. అది రాకుండా రాజీనామా ఇవ్వకండి, ఫోన్‌లో ఎంత గట్టిగా మాటిచ్చినా సరే.

మామూలుగా గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు కావాలి. నోటీసు కాలమూ సర్వీసే కాబట్టి, రెండు నెలలూ పనిచేస్తే మీకు నాలుగేళ్ల పది నెలలవుతుంది. ఐదో ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే పూర్తి ఏడాదిగా లెక్కించాలని మద్రాసు హైకోర్టు గతంలో తీర్పు చెప్పింది. అయినా ఐదేళ్లు నిండాల్సిందేనని పట్టుబట్టే కంపెనీలున్నాయి. మీదేమంటుందో హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడగండి. బేసిక్‌ను 26తో భాగించి, 15తో, ఐదేళ్లతో హెచ్చిస్తే రూ. 75,000 వస్తుంది. చిన్న మొత్తం కాదు. చేరే తేదీని నాలుగు నెలలు జరపమని కొత్తవాళ్లను అడిగి చూడండి. కుదరదంటే మాత్రం ఈ డబ్బు కోసం నచ్చిన రంగాన్ని వదులుకోవద్దనే నా సలహా.

పీఎఫ్ జోలికి వెళ్లకండి. ఐదేళ్లలోపు తీస్తే పన్ను పడుతుంది. అదే యూఏఎన్‌తో కొత్త ఖాతాకు బదిలీ చేస్తే పాత సర్వీసూ కలుస్తుంది. నెలనెలా పింఛను రావడానికి కావాల్సిన పదేళ్ల లెక్కలోనూ అది ఉంటుంది.