వలస: ఊరి దారిలోనే ఇల్లు



హయత్‌నగర్‌లోని పాత మసీదును మీలో చాలామంది చూసే ఉంటారు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీదనే ఈ ఊరికి ఆ పేరు వచ్చింది. మసీదు ఆవరణ చుట్టూ ఉన్న గదులు 17వ శతాబ్దంలో మచిలీపట్నం దారిన పోయే బాటసారులు దిగడానికి కట్టించినవి. అప్పట్లో వచ్చినవారు ఒక రాత్రి ఉండి సాగిపోయేవారు. నేడు అదే దారిన వచ్చినవారు ఇక్కడే స్థిరపడుతున్నారు. ఈ వారం పాఠం వారిని గురించే.

స్వదేశంలోనే ఒకచోటు విడిచి మరొకచోటికి చేరడాన్ని అంతర్గత వలస అంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇలా చోటు మారినవారు 45 కోట్లకు పైమాటే. పెండ్లయి అత్తగారింటికి వెళ్లిన ఆడపడుచులు కూడా ఈ లెక్కలోనివారే. స్త్రీల వలసకు పెండ్లి, పురుషుల వలసకు పని ముఖ్య కారణాలు.

వచ్చినవారు నగరంలో ఎక్కడ దిగుతారు? తమ ఊరి బస్సు వచ్చే వైపునే. వరంగల్ వారు ఉప్పల్ వైపు, నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా జిల్లాల వారు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు ఎక్కువగా కనిపిస్తారు. సంక్రాంతికి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర నిలిచిపోయే కార్ల వరుసను చూస్తే ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. మన విచారణల్లోనే తాతగారి ఊరు ఏదని అడిగి చూడండి, హయత్‌నగర్ అని చెప్పేవారు ఎందరుంటారు? 2014 జూన్ 2న రాష్ట్రం రెండైనప్పుడు, విజయవాడ నుండి వచ్చిన కుటుంబాలు ఇల్లు కదలకుండానే పొరుగు రాష్ట్రపు వలసదారులయ్యాయి!

ఊరు విడవడానికి కారణం తరచుగా నీరే. 1955లో పునాదిరాయి పడిన నాగార్జునసాగర్ నల్గొండ జిల్లా అంచుననే ఉన్నది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలు పచ్చబడ్డాయి. దేవరకొండ, మునుగోడు ప్రాంతాలు ఎత్తున ఉన్నందున ఆ కాలువ నీరు అక్కడికి ఎక్కలేదు. బోరు వేస్తే ఫ్లోరైడ్ నీరు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో తాగునీరు వచ్చింది, కానీ తాగునీటితో పంట పండదు గదా! అందుకే అక్కడి తండాల నుండి ఎల్బీనగర్‌కు కూలీల రాక ఏళ్ల తరబడి సాగింది.

వలస అందరికీ ఒకేలా ఉండదు. చదువుతోనో, పొలం అమ్మిన సొమ్ముతోనో వచ్చినవారు ప్లాటు కొన్నారు, పిల్లలను ఇంజనీర్లను చేశారు. ఊళ్లో ముసలి తల్లిదండ్రులు ఫోను కోసం ఎదురుచూస్తూ మిగిలారు. ఇది వారు చెల్లించిన మూల్యం. రెక్కల కష్టం తప్ప మరేమీ లేనివారి సంగతి వేరు. అపార్టుమెంటు కట్టేటప్పుడు గుడిసెలో ఉన్న కుటుంబం, కట్టడం పూర్తయ్యాక మెట్ల కింద గదిలో వాచ్‌మన్ కుటుంబంగా మిగలడం మనం చూస్తున్నదే. ముందు వచ్చిన వలసదారు ఇంటి యజమాని, తరువాత వచ్చినవాడు కాపలాదారు. ఇద్దరూ ఒకే బస్సు దారిన వచ్చినవారే కావచ్చును.

అందరికంటె ఎక్కువ నష్టపోయేది పిల్లలు. నగర శివార్లలోని ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుండి కుటుంబాలు వస్తాయి. మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకొని ఉంటారు, అది తీరేదాకా కదలలేరు. వానలు తగ్గాక మొదలైన పని మళ్లీ వానలు పడేదాకా సాగుతుంది. అంటే బడి సంవత్సరం సరిగ్గా నడుమ తెగిపోతుంది. పిల్లవాడు అక్కడ హాజరు లేనివాడు, ఇక్కడ భాష రానివాడు. కొన్ని బట్టీల వద్ద ఒడియాలో బోధించే బడులు నడిపారు, అది మంచి పనే.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో 6 నుండి 14 ఏళ్ల బిడ్డను ప్రభుత్వ పాఠశాల చేర్చుకోకుండా ఉండరాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య 2019 ఆగస్టులో మొదలైన ఏర్పాటు ప్రకారం, ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డుపై శ్రీకాకుళం కుటుంబం హయత్‌నగర్‌లోనే బియ్యం తీసుకోవచ్చును. ఈ రెండు సంగతులూ చాలామంది వాచ్‌మన్ కుటుంబాలకు తెలియవు. మీ మెట్ల కింద గదిలో ఉన్న బిడ్డ ఏ తరగతి చదువుతున్నదో ఈ ఆదివారం పూజకు వెళ్లేటప్పుడు అడిగి చూడండి.