పత్మాసు ద్వీపానికి ఓడ ప్రయాణము

పాఠ్యభాగము: ప్రకటన 1:9-11; అపొస్తలుల కార్యములు 20:13-15



పావగడ తాలూకాను పటములో ఒకసారి చూడండి. మూడు వైపులా ఆంధ్రప్రదేశే. మన జిల్లా తుమకూరు అయినా, మధుగిరి మీదుగా జిల్లా కేంద్రానికి పోవాలంటే మధ్యలో మడకశిర నేల దాటవలసిందే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడము. నేలమీది ద్వీపమని సరదాగా అనుకోవచ్చు. నాగలమడికె దగ్గర ఉత్తర పినాకిని ఉందన్న మాటే గాని, ఎక్కువ కాలము ఇసుకే కనబడుతుంది. ఇటువంటి చోట కూర్చుని సముద్రము మధ్యనున్న ద్వీపమును గూర్చి వ్రాయడము వింతగానే ఉంది. అయినా బైబిలు దేశాల యాత్రకు పోదలచినవారు పత్మాసు సంగతి అడుగుతున్నారు గనుక వ్రాస్తున్నాను.

పత్మాసు చాలా చిన్నది. వైశాల్యము సుమారు 34 చదరపు కిలోమీటర్లు, జనము మూడు వేల ప్రాంతము. విమానాశ్రయము లేదు. ఏథెన్సు ప్రక్కనున్న పిరేయస్ రేవులో ఓడ ఎక్కితే ఏడెనిమిది గంటలు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఓడ వెనుక తలుపు వంతెనలాగా రేవు మీదికి దిగుతుంది. మనుష్యులు, కార్లు, ద్వీపానికి సరుకు మోసే లారీలు అన్నీ ఆ దారినే ఎక్కాలి. పత్మాసు రేవు పేరు స్కాలా. ఓడ తరచుగా అర్ధరాత్రివేళ చేరి, కొద్ది నిమిషములే ఆగుతుంది. కాబట్టి ముందుగానే సంచులతో క్రిందికి దిగి నిలబడాలి. సమొసు వరకు గాని కోసు వరకు గాని విమానములో పోయి, అక్కడ చిన్న ఓడ ఎక్కే దారి కూడా ఉంది. జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరపు గాలి వీస్తుంది. అక్కడివారు దానిని మెల్తెమి అంటారు. అది మరీ బలముగా ఉన్న రోజు అధికారులు ఓడలను కదలనివ్వరు. తిరుగు విమానము అదే రోజుకు పెట్టుకోవద్దు. గ్రీసుకు షెంగెన్ వీసా కావాలి. ఏడు సంఘముల ఊళ్లు ఇప్పుడు టర్కీలో ఉన్నాయి గనుక వాటికి వేరే వీసా.

లూకా ఈ సముద్రము మీద పోతూ రోజుకొక పేరు వ్రాశాడు: అస్సు, మితులేనే, కీయొసు, సమొసు, మిలేతు. మనము గబగబ చదివి దాటేస్తాము. మితులేనే, కీయొసు, సమొసు నేటికీ గ్రీకు ఓడలు ఆగే చోట్లే. పౌలు మాత్రము అస్సు వరకు ఓడ ఎక్కక నేలమీదనే పోయాడు. ఎందుకో లూకా చెప్పలేదు, మనమూ కల్పించనవసరము లేదు.

యోహాను పత్మాసుకు యాత్రికుడుగా పోలేదు. దొమితియను చక్రవర్తి (క్రీ.శ. 81-96) పాలన చివర ఆయనకు దర్శనము కలిగినదని ఇరేనియసు వ్రాశాడు. ఆయన అక్కడ గనులలో రాళ్లు కొట్టాడని ప్రసంగాలలో వింటుంటాము. ఆ మాట మూడవ శతాబ్దపు విక్టోరినసుది, లేఖనములో లేదు. ద్వీపము నిర్జనము కూడా కాదు. ఊరు ఉంది, అర్తెమి దేవి గుడి ఉంది. ఈనాడు యాత్రికులకు ఒక గుహను చూపిస్తారు. పైన కొండమీద 1088లో స్థాపించిన మఠము ఉంది. రెండింటినీ 1999లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. చూడదగినవే. అయితే లేఖనము ద్వీపము పేరు చెప్పింది గాని గుహ మాట ఎత్తలేదు.

మరి యోహాను శ్రమ ఏమిటి? 10వ వచనము చూడండి. అది ప్రభువు దినము. ఎఫెసు సుమారు నూరు కిలోమీటర్లు, పావగడ నుండి తుమకూరు ఎంతో ఇంచుమించు అంతే. అక్కడ సంఘము కూడుకొని ఉంటుంది, తాను ఇక్కడ. మధ్యలో నీళ్లు. అయినా ఆయనకు వచ్చిన ఆజ్ఞ వ్రాసి పంపమని. ఏడు పేర్ల వరుస కూడా ఉత్తరము మోసేవాని దారిలాగే ఉంది: ఎఫెసు నుండి ఉత్తరముగా స్ముర్న, పెర్గము, అక్కడ తిరిగి తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, చివరకు లవొదికయ. దూరము చేయబడినవాడే ఊళ్లో ఉన్న సంఘములను బలపరిచాడు. మనము ఎప్పుడూ ఎదురుగా అనుకుంటాము.

మన చరిత్రలోనూ సముద్రము ఉంది. నేటాలు చెరకు తోటలకు కూలికి వెళ్లిన తెలుగు విశ్వాసుల కొరకు, తెలుగు బాప్టిస్టు హోమ్ మిషన్ సొసైటీ పంపగా, జాన్ రంగయ్యగారు 1903లో ఓడలో దర్బను చేరారు. ఆ సంవత్సరమే కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడింది. ఆయన 1915లో మరణించేవరకు ఆ దేశములోనే సేవ చేశారు.

నా సంగతి చెప్పుకోవాలి. నేను సంఘ కార్యదర్శిగా ఉన్నప్పుడు, బెంగళూరుకు పనికి పోయిన కుటుంబముల పేర్ల ఎదుట ‘వలస’ అని వ్రాసి ఊరుకునేవాణ్ణి. ఒక క్రిస్మసుకు వచ్చిన సహోదరుడు రిజిస్టరు తిప్పి చూసి, “అన్నా, మా పేర్లు కొట్టేసినారా?” అని అడిగాడు. కొట్టేయలేదన్నాను. ఉత్తరము వ్రాశావా అని ఆయన అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబు లేదు.

వచ్చే ఆదివారము పెద్దల తరగతిలో ప్రకటన మొదటి మూడు అధ్యాయములు ఒకరు బిగ్గరగా చదవండి, తక్కినవారు వినండి. 1:3 ప్రకారము అది చదివించి వినవలసిన పత్రికే. అరగంట కూడా పట్టదు. తరువాత రిజిస్టరు తెప్పించి, ఊళ్లో లేనివారి పేర్లు చదివి, ఎవరెవరికి ఎవరు వ్రాయాలో అక్కడే పంచుకోండి. ఫోను చేసేవారు చేయవచ్చు, కాని ఒక కాగితము ముక్క అయినా పంపండి. వారు వ్రాసిన జవాబులను సంఘములో చదవండి.