దింపు అయ్యిందా అని అడుగుతూనే ఉంటుంది

సమస్య



మా అమ్మకు 71 ఏళ్లు. మాది కోనసీమ, కొత్తపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరితోట ఉంది. యజమాని నాన్నే అయినా లెక్కంతా అమ్మదే. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, దింపు రోజున ఎన్ని కాయలు దిగాయో, ఒలుపు వాళ్లకు ఎంత ఇవ్వాలో, వెయ్యి కాయలకు ధర ఎంత పలికిందో, షావుకారు దగ్గర ఎంత బాకీ నిలిచిందో కాగితం ముట్టకుండా చెప్పేది. పాత దింపుల లెక్క అడిగినా తడుముకునేది కాదు.

2020 ఉగాదికని అమ్మా నాన్నా హైదరాబాద్‌లో, నిజాంపేటలోని మా ఫ్లాట్‌కి వచ్చారు. ఆ ఉగాది నాడే లాక్‌డౌన్ మొదలైంది. రైళ్లు తిరిగాక వెళ్లిపోతామన్నారు. 65 దాటినవాళ్లు ఇల్లు కదలొద్దని ప్రభుత్వమే చెబుతోంది కదా అని మేమే ఆపాం. 2021 మేలో ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది. నాన్నకు అప్పటికి మొదటి డోసే పడింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం, అక్కడే పోయారు. అమ్మ జ్వరంతో గదిలో ఉంది. తట్టుకోలేదని రెండు రోజులు చెప్పలేదు. ఆఖరిచూపు దక్కలేదు. అన్నయ్య అమెరికా నుంచి రాలేకపోయాడు. పెద్దకర్మకు ఇంట్లో మేం నలుగురమే.

ఒక్కతే ఊళ్లో ఎలా ఉంటుందని తోట మా పెదనాన్న కొడుక్కి కౌలుకిచ్చి, ఇంటికి తాళం వేశాం. అప్పటి నుంచీ మా దగ్గరే. ఏ లోటూ లేదు. వంట నేనే చేస్తాను, మందులు నేనే వేస్తాను. ఏడో అంతస్తు, లిఫ్ట్ అంటే భయం, కిందికి దిగదు. టీవీ చాలా పెద్ద సౌండుతో పెట్టుకుంటుంది. పిల్లలు ఏదైనా చెబితే తల ఊపుతుంది, మళ్లీ అడిగితే తెలియదంటుంది.

ఏడాదిగా మతిమరుపు బాగా ఎక్కువైంది. ఈరోజు ఏ వారమో తెలియదు. రెండుసార్లు స్టవ్ ఆపడం మరిచిపోయింది, అప్పటి నుంచి వంటింట్లోకి రానివ్వడం లేదు. కరోనా తర్వాత వాసన కూడా సరిగా తెలియడం లేదంటుంది. మధ్యాహ్నాలు పడుకుంటుంది, రాత్రి మేలుకుని ఉంటుంది. నాన్న పోయినప్పుడు రాసిన నిద్రమాత్రే ఇప్పటికీ మెడికల్ షాపులో తెచ్చి వేస్తున్నాం. చాలా ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోంది. రోజుకు నాలుగైదుసార్లు ‘దింపు అయ్యిందా?’ అంటుంది. అయ్యిందమ్మా అంటాను. నాన్న గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడదు. ‘నా బుర్ర పనిచెయ్యటం లేదే’ అని ఒక్కోసారి ఏడుస్తుంది.

ఇది అల్జీమర్స్ అని అన్నయ్య తేల్చేశాడు. తోటా ఇల్లూ అమ్మేసి, మంచి వృద్ధాశ్రమం చూద్దామంటున్నాడు. ఇది నిజంగా ఆ జబ్బేనా, కరోనా వల్ల వచ్చిందా? అమ్మను ఒకసారి ఊరు తీసుకెళ్లాలని నాకుంది. అక్కడ ఆ ఇంటిని చూసి ఇంకా కుంగిపోతుందేమోనని భయం. ఏం చెయ్యమంటారు?

— ఒక కూతురు, హైదరాబాద్

సలహా

అమ్మా, మీ ఉత్తరంలో మీరు మామూలుగా చెప్పుకుంటూ పోయిన చిన్న సంగతులే నన్ను ఎక్కువ ఆపాయి. టీవీ సౌండు, షుగర్ మాత్ర, నిద్రమాత్ర, తెలియని వాసన. అల్జీమర్స్ అన్న మాట నోట రాకముందే ఈ నాలుగూ తేల్చుకోవాలి. మీ అన్నయ్య సముద్రం అవతలి నుంచి తేల్చేసిన జబ్బును ఇక్కడ ఏ డాక్టరూ ఇంకా పరీక్షించలేదు.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గవచ్చు. అది తగ్గితే మతిమరుపు, నీరసం, దిగులు వస్తాయి. థైరాయిడ్ మందగించినా, రక్తంలో సోడియం పడిపోయినా, షుగర్ మరీ కిందికి దిగుతున్నా అంతే. వీటన్నిటికీ మామూలు రక్తపరీక్ష చాలు, లోపం దొరికితే సరిదిద్దవచ్చు. కొన్ని రకాల నిద్రమాత్రలు నెలల తరబడి వేస్తే ముసలివాళ్లలో మగత, తూలు, మరుపు తెస్తాయి. అలాగని రేపటి నుంచే ఆపేయకండి. ఉన్నట్టుండి మానేస్తే కొన్నిటితో ప్రమాదం. ఆమె వేసుకునే మందులన్నీ, కొత్తవీ పాతవీ, ఒక సంచిలో వేసి న్యూరాలజిస్టుకో వృద్ధుల వైద్య నిపుణులకో చూపించండి. మధ్యలో ఎప్పుడైనా పడిందా, తలకు దెబ్బ తగిలిందా అన్నదీ చెప్పండి.

వినికిడి పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. చెవికి చేరని మాటను మనసు గుర్తుపెట్టుకోలేదు. పిల్లలు చెప్పింది ఆమె మరిచిపోవడం లేదేమో, అసలు వినలేదేమో! వినకుండానే తల ఊపడం మర్యాద కోసం మన పెద్దవాళ్లందరూ చేసేదే. మాస్కుల రోజుల్లో పెదవుల కదలిక కూడా కనిపించక ఇలాంటివాళ్లు మరీ ఒంటరైపోయారు. డిమెన్షియాపై లాన్సెట్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మనం మార్చగలిగిన 14 ముప్పులను చెప్పింది. వినికిడి లోపం, మనుషులకు దూరం కావడం, డిప్రెషన్, షుగర్, ఒంటికి కదలిక లేకపోవడం అందులో ఉన్నాయి. వాటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను రాకుండా ఆపడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమని ఆ నివేదిక అంచనా. ఇప్పుడు చెప్పిన ఐదింటినీ మీ అమ్మగారి పక్కన పెట్టి చూడండి.

కరోనా వల్ల వచ్చిందా అని అడిగారు. కరోనా సోకడం వేరు, కరోనా కాలం వేరు. రెండూ ఆమెను తాకాయి. బ్రిటన్‌లో 51 నుంచి 81 ఏళ్ల మధ్యవాళ్ల మెదడు స్కాన్లను కరోనాకు ముందూ తర్వాతా పోల్చి 2022లో నేచర్ పత్రికలో ప్రచురించారు. జబ్బు స్వల్పంగా వచ్చినవాళ్లలో కూడా, వాసనకు సంబంధించిన భాగాల్లో కొద్దిపాటి తరుగు కనిపించింది. కాబట్టి వాసన తెలియడం లేదన్న ఆమె మాటను తేలిగ్గా తీసుకోకండి. గ్యాస్ లీకైనా ఆమెకు తెలియకపోవచ్చు. లీకైతే మోగే అలారం వంటింట్లో బిగించండి.

ఇక కరోనా కాలం మాట. బ్రిటన్‌లోనే 50 దాటిన మూడు వేల మందికి పైగా మనుషుల జ్ఞాపకశక్తిని ఏటేటా పరీక్షిస్తూ వచ్చిన అధ్యయనం ఒకటుంది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు చేశారు, 2023లో వెలువడింది. మహమ్మారి మొదటి ఏడాదిలోనే, అప్పటికప్పుడు లెక్క కట్టుకుని నిర్ణయించుకునే శక్తి తగ్గింది, రెండో ఏడాదీ తేరుకోలేదు. కరోనా సోకనివాళ్లలోనూ తగ్గింది. దాంతోపాటు కనిపించినవి నడక తగ్గడం, ఒంటరితనం, దిగులు, కొందరిలో మద్యం పెరగడం. అయినా పెద్దవాళ్లు పిరికివాళ్లని అనుకోకండి. 2020 తొలినాళ్లలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూస్తే, కుర్రవాళ్ల కంటే వయసు మళ్లినవాళ్లే మనసు నిబ్బరంగా ఉంచుకున్నారు. వాళ్లు గండం తట్టుకోగలరు. గండం గడిచాక కూడా పని లేకుండా కూర్చోబెడితేనే కష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. మీ ఏడో అంతస్తులో అది ఇంకా ముగియలేదు. కఠినంగా అంటున్నానని నొచ్చుకోకండి. మీరు ప్రేమతోనే చేశారు, 2020లో, 2021లో అదే సరైన పని కూడా. కానీ దింపు లెక్క చూసిన మనిషికి ఇప్పుడు తన మాత్రలు తాను వేసుకునే పని కూడా లేదు. రోజంతా ఒకేలా ఉంటే వారం గుర్తుండాల్సిన అవసరమేముంది? ఊళ్లో ఆమెకు సంత ఉంది, షావుకారు వచ్చే రోజుంది, వాయిదా తేదీ ఉంది. వారాలను ఆమె వాటితోనే గుర్తుపెట్టుకుంది.

‘దింపు అయ్యిందా’ అన్నది మరుపుతో వచ్చే ప్రశ్నే అయ్యుండవచ్చు. కానీ మీరిచ్చే జవాబు చూడండి. అయ్యిందమ్మా అన్నాక ఆమెకు అందులో పట్టుకోవడానికి ఏమీ మిగలలేదు. ఎన్ని కాయలు, ఎంత ధర, ఎన్ని చెట్లకు తెగులు? మీ పెదనాన్న కొడుకు ఇకపై దింపు అయిన రోజున మీకు కాదు, నేరుగా ఆమెకు ఫోన్ చెయ్యాలి. కౌలు డబ్బు ఆమె ఖాతాలో పడాలి. లెక్క తప్పితే తప్పనివ్వండి. గట్టిగా చెప్పించుకుని, పెద్ద అక్షరాలతో పుస్తకంలో రాయించండి. వంటింట్లోకి కూడా రానివ్వండి, మీరు పక్కన ఉన్నప్పుడు. పొద్దున్నే ఆమెతో లిఫ్టెక్కి కిందికి దిగి నాలుగడుగులు వేయండి. పగలు వెలుతురు, నడక ఉంటే రాత్రి నిద్ర కొంత దానంతటదే దారికొస్తుంది.

నాన్నగారి గురించి మాట్లాడకపోవడం నన్ను కలవరపెట్టింది. ఆఖరిచూపు లేదు, నలుగురూ కూర్చుని ఏడ్చింది లేదు, మరణవార్త కూడా రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఏళ్లు గడిచినా తీరని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో ప్రత్యేకంగా చేర్చింది, 2022 నుంచి అది అమల్లో ఉంది. దిగులు మతిమరుపు వేషంలో రావడం ముసలితనంలో తరచూ జరిగేదే. బుర్ర పనిచెయ్యటం లేదని తనంతట తాను ఏడుస్తున్న మనిషిలో డిప్రెషన్ ఉందేమో తప్పకుండా చూడాలి, దానికి వైద్యం ఉంది. ఆ రెండు రోజుల సంగతి మీరే ముందు ఎత్తండి. ఎందుకు దాచారో చెప్పండి. ఆస్పత్రిలో ఆయన ఏమన్నారు, ఏం తిన్నారు, మీకు తెలిసినంతా చెప్పండి. ఆమె ఏడిస్తే ఆపకండి. ఈసారి సంవత్సరీకం ఊళ్లో పెట్టండి, అప్పుడు రాలేకపోయినవాళ్లందరినీ పిలిచి. మీ అన్నయ్యనూ రమ్మనండి.

ఊరు తప్పకుండా తీసుకెళ్లండి. అయితే దింపి వచ్చేయడం కాదు, మీరూ రెండు వారాలు ఉండాలి. ముందుగా ఇల్లు శుభ్రం చేయించి, కరెంటూ నీళ్లూ చూసుకోండి. ఇరుగుపొరుగులో పోయినవాళ్లెవరో దారిలోనే నెమ్మదిగా చెప్పండి. అక్కడ ఆమెను గమనించండి. అలవాటైన వంటింట్లో చెయ్యి దానంతటదే పోపులడబ్బా మీదికి వెళ్తోందా, వచ్చిన మనిషి పేరు తడుతోందా, తోటలో గట్టు దారి తెలుస్తోందా? తేరుకుంటే సంతోషం. తన ఇంట్లోనే తికమకపడితే మనసు కష్టపెట్టుకోకుండా రాసిపెట్టుకోండి, డాక్టరుకు అది ఏ స్కానూ చెప్పలేని సమాచారం.

మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా ఉన్నది 7.4 శాతం మందికని జాతీయ స్థాయి సర్వే అంచనా. ఆమెకు ఉండదని నేను మాట ఇవ్వలేను. జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో జరగాలనీ, ఆమె చదువు ఐదో తరగతి అనీ ముందే చెప్పండి. గడియారం బొమ్మ గీయలేదని మార్కులు తగ్గించేసి, నోటిలెక్కను లెక్కలోకి తీసుకోకపోతే ఫలితం తప్పుతుంది. ఒకవేళ జబ్బేనని తేలినా పైన చెప్పినవేవీ వృథా కావు. ఆమెతో ఏది ఎలా మాట్లాడాలో తోచనప్పుడు టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు. పెద్దల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

తోట అమ్మకం మాట ఇప్పుడు వద్దని అన్నయ్యకు చెప్పండి. నాన్నగారి తర్వాత ఆ తోట ఇప్పుడు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. ఎవరి పేరున ఉన్నా పరీక్షలు పూర్తయ్యాక, అవసరమైతే ఆమె చెవికి యంత్రం పెట్టించాక, ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని మాట్లాడండి. వెయ్యి కాయలకు ధర ఎంతో ముందు ఆమెనే చెప్పనివ్వండి.