పరుగు భారమైనప్పుడు

పాఠము: 1 రాజులు 18:46 – 19:8



పోలీసు ఎంపికకై 1,600 మీటర్ల పరుగు అభ్యసించు తనకల్లు యౌవనస్థునికి మొదటి వారములోనే కాళ్లు బరువెక్కును, ఊపిరి ఆడదు. ఇక నావల్ల కాదనుకొనును.

ఏలీయాను చూడుడి. యెజ్రెయేలువరకు అహాబు రథమునకు ముందుగా పరుగెత్తినవాడే, పిమ్మట బదరీవృక్షము క్రింద చావు కోరుకొనెను. దూత అతని గద్దింపలేదు. అప్పము, నీళ్లు ఇచ్చెను. తిని మరల పండుకొననిచ్చెను. రెండవమారు లేపి భుజింపుమనెను. ఆ బలముచేతనే హోరేబుకు 40 దినములు నడిచెను. అలసిన బిడ్డను సోమరియని తిట్టు తలిదండ్రులు ఈ భాగమును మరల చదువుట మంచిది.

క్రొత్తవాడు మాటలాడగలిగినంత నిదానముగా పరుగెత్తవలెను. ఆయాసమైనచో నడచి, మరల పరుగెత్తవచ్చును, అందులో సిగ్గులేదు. ఎండ ఎక్కకముందే ముగింపవలెను. సంగటి తినిన వెంటనే పరుగు వద్దు. వారమునకు ఒకటి రెండు దినములు విశ్రాంతి కావలెను. కండరములు కోలుకొని బలపడునది అప్పుడే.

విశాఖపట్టణపు జ్యోతి యర్రాజీ 2020లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకండ్లలో ముగించినను, డోపింగు పరీక్ష జరుగలేదని అది జాతీయ రికార్డు కాలేదు. 2022 ఏప్రిల్‌లో 13.09; గాలి పరిమితికి మించి వీచెనని అదియు పోయెను. మరుసటి నెల సైప్రస్‌లో 13.23తో 2002 నాటి రికార్డును దాటెను. లెక్కకు రాని ఆ రెండింటికంటె ఇది నెమ్మదియైన పరుగే!

యౌవనుల కూటములో ఆలోచించుటకు: రెండవమారు లేపినప్పుడు దూత చెప్పిన కారణమేమి? (19:7)