నడుము నొప్పి: ముందు కారణము, పిదప చికిత్స

నూజివీడు ప్రాంతమున మామిడి కోత ముఖ్యముగా ఏప్రిల్ నుండి జూన్ వరకు సాగును. చిన్నరసమైనను, బంగినపల్లియైనను, తోతాపురియైనను కాయ పక్వమునకు వచ్చిన తరువాత కోత ఆపుటకు వీలులేదు. కూలివారికి చేతినిండ పని దొరకునదియు ఆ దినములలోనే. అట్టి సమయమున నడుము పట్టి మంచమెక్కినచో రైతునకు పంట నష్టము, కూలివానికి దినవెచ్చము నష్టము. అందుచేతనే నొప్పి తోచిన వెంటనే నడుము విరిపించుకొనుటకో, సూది వేయించుకొనుటకో పలువురు తొందరపడుదురు. ఈ తొందర వలన ఒక్కొక్కప్పుడు మేలుకంటె కీడే అధికమగును.

మామిడి ఆకులపై మసిమంగు కనిపించినపుడు తెలిసిన రైతు మసిని మాత్రమే చూడడు. తేనెమంచు పురుగు విసర్జించు తీయని జిగురుపై ఆ బూజు పెరుగునని ఎరిగి పురుగును అదుపు చేయును. నడుము నొప్పి విషయమునను ఇదే పద్ధతి. నొప్పి తోచుచోటు ఒకటి, కారణమున్నచోటు వేరొకటి కావచ్చును.

కారణములు

నడుము భాగమున 5 వెన్నుపూసలు గలవు. పూసకు పూసకు నడుమ మెత్తని బిళ్ళ ఉండును. దీనినే డిస్కు అందురు. చుట్టును కండరములు, నరములు గలవు. హెచ్చు మందిలో నొప్పికి కారణము కండరములపైనను, కీళ్ళపైనను పడు శ్రమయే. ఇట్టి నొప్పి చాలమందికి కొలది వారములలో తగ్గును. దీనికి ఎక్స్‌రే గాని స్కానింగు గాని సాధారణముగా అవసరము లేదు.

డిస్కు పైకి ఉబికి నరమును నొక్కినచో నొప్పి పిరుదు నుండి కాలిలోనికి దిగును. అమెరికాలో మిక్స్టర్, బార్ అను వైద్యులు 1934లో ఈ సంగతిని స్పష్టము చేసిరి. కాలికి ఎంత తైలము రాచినను అట్టి నొప్పికి మూలము నడుములోనే ఉండును. ఎండలో చాలినంత నీరు త్రాగక పనిచేయువారికి మూత్రపిండములలో రాళ్ళు ఏర్పడి, ఆ నొప్పి నడుము నొప్పివలె తోచవచ్చును. వెన్నుపూసకు క్షయ సోకుట, ముసలితనమున ఎముక గుల్లబారి విరుగుట కూడ కారణములు కావచ్చును.

బరువు ఎట్లు పెరుగును

గడ్డపారతో రాయిని లేపునపుడు చేయి ఎంత దూరమున ఉన్న అంత బలము కలుగునని మనకు తెలియును. నడుము విషయమున ఈ సూత్రము మనకు ఎదురు తిరుగును. 20 కిలోల కాయల ట్రేను వెన్ను నుండి 50 సెంటీమీటర్ల దూరమున పట్టుకొన్నామనుకొనుడు. వెన్నుకు వెనుక కండరములు కేవలము 5 సెంటీమీటర్ల దూరమున పనిచేయును. కనుక అవి సుమారు 200 కిలోల బరువుకు సమానమైన బలముతో లాగవలెను. పై శరీరపు బరువు దీనికి అదనము. అదే ట్రేను పొట్టకు ఆనించి 25 సెంటీమీటర్లకు తెచ్చినచో 200 కిలోలు 100 అగును. దీనికి పైసా ఖర్చు లేదు.

వెన్ను సర్దు చికిత్స

చేతులతో వెన్నుపూసలను నొక్కి సర్దు పద్ధతిని అమెరికాలో డి.డి. పామర్ అనునతడు 1895లో ప్రారంభించెను. దీనిని కైరోప్రాక్టిక్ అందురు. చేతి చికిత్స మనకును క్రొత్త కాదు. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు ప్రసిద్ధమే. పట్టిన నడుమును ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత తన్నించు ఆచారము పల్లెలలో కలదు. అయితే తన్నువానికి లోపల ఏమి జరిగినదో తెలియదు.

శిక్షణ పొందినవారు చేయు వెన్ను సర్దుబాటు వలన సాధారణ నడుము నొప్పికి కొంత ఉపశమనము కలుగునని పరిశోధనలు తెలుపుచున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుము నొప్పిపై ఇచ్చిన సూచనలలో వ్యాయామముతోపాటు దీనికిని చోటిచ్చినది. నడుము బెల్టును మాత్రము సాధారణముగా వాడవలదన్నది. కాని సర్దుబాటు అన్ని రోగములకు మందు కాదు. క్షయ సోకిన పూసను, గుల్లబారిన ఎముకను నొక్కినచో విరిగి కాళ్ళు చచ్చుబడవచ్చును. మెడను హఠాత్తుగా త్రిప్పి విరిచినచో, అరుదుగానైనను, మెదడుకు పోవు రక్తనాళము చీలి పక్షవాతము వచ్చును. కావున ముందుగా వైద్యుని పరీక్ష, పిదపనే చేతి చికిత్స. చేయువాడు ఎక్కడ చదివెనో, ఏ పట్టా కలదో నిస్సంకోచముగా అడుగవలెను.

ఆలస్యము చేయరాని లక్షణములు

1. మూత్రము బిగియుట, లేక మలమూత్రములు తెలియకుండ పోవుట.
2. మర్మస్థానముల చుట్టు తిమ్మిరి, కాళ్ళలో బలము తగ్గుట. ఇట్టి లక్షణములు గలవారిని అదే దినమున పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.
3. జ్వరము, బరువు తగ్గుట, రాత్రి విశ్రాంతిలోను తగ్గని నొప్పి. క్షయకు పరీక్షయు, మందులును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము.
4. చెట్టుపై నుండి పడిన పిదప కలిగిన నొప్పి. పడినవానిని కాళ్ళు చేతులు పట్టి ఎత్తరాదు, లేపి కూర్చుండబెట్టరాదు. కదలనీయక 108కి ఫోను చేయవలెను. తప్పనిసరియైనచో నలుగురు కలిసి వెన్ను వంగకుండ చెక్కబల్లపైకి చేర్చవలెను.

తోటలో పాటింపవలసినవి

బరువు ఎత్తునపుడు మోకాళ్ళు వంచి, ట్రేను శరీరమునకు దగ్గరగా పట్టవలెను. బరువుతో నడుము మెలిత్రిప్పక పాదములతోనే తిరుగవలెను. నిండిన పెద్ద ట్రేను ఇద్దరు పట్టుట మేలు. 16 లీటర్ల వీపు స్ప్రేయరు నిండినపుడు సుమారు 20 కిలోలు తూగును. దానిని నేలపై నుండి గాక అరుగుపై నుండి వీపునకు ఎత్తుకొనవలెను. పాదులు చేయువారు అరగంటకొకసారి నిలువుగా లేచి నడుము సాచవలెను.

నొప్పి వచ్చినచో వేడి కాపడము పెట్టి, ఒకటి రెండు దినములు బరువు పనులు మానవలెను. పూర్తిగా మంచము పట్టరాదు. ఓర్చుకొనగలిగినంత నడచుచుండిన త్వరగా కోలుకొందురు. నొప్పి సూదులు, బిళ్ళలు వైద్యుని సలహా లేక వాడరాదు. ఎండకు శరీరమున నీరు తగ్గినపుడు ఇవి మూత్రపిండములను చెరుపును. రెండు మూడు వారములకును నొప్పి తగ్గనిచో వైద్యునికి చూపి, ఆయన సలహాపై ఫిజియోథెరపీ నిపుణునివద్ద నడుము వ్యాయామములు నేర్చుకొనవలెను.

తోట యజమానులు ఈ సంగతులను కోత ప్రారంభించుటకు ముందే కూలివారికి చెప్పి, వంగి ఎత్తనవసరము లేకుండ ట్రేలను నడుము ఎత్తు బల్లపై నింపు ఏర్పాటు చేయుట మంచిది.